కొత్త నర్సు నెమ్మదికి బిల్లు ఎవరు కట్టాలి?

చెన్నైలో మా ఆస్పత్రి వార్డుకొచ్చే పేషెంట్ల బంధువులకి నా మీద ఉన్నంత నమ్మకం డ్యూటీ డాక్టర్ మీద కూడా ఉండదు. కారణం నా పనితనం కాదు, చెవుల పక్కన నెరిసిన జుట్టు. ముప్పై ఆరేళ్ళ మనిషి, లావుపాటి కళ్ళద్దాలు, చూడగానే ఈవిడే పెద్ద సిస్టర్ అయ్యుంటుందని ఫిక్సయిపోతారు. నా పక్కన నిలబడి, కొత్త నర్సునైన నాకు ఇన్ఫ్యూజన్ పంప్ (మందుని కొలిచి నరంలోకి పంపే మిషన్) ఎలా సెట్ చేయాలో నేర్పిస్తున్న ఇరవై నాలుగేళ్ళ అమ్మాయిని దాటుకుని మరీ వచ్చి "మేడమ్, మీరొచ్చి చూడండి, ఈ పాపకి ఏం తెలుసు" అంటారు. ఆ పాపకి తెలిసినదాంట్లో పావు వంతు నాకు తెలిసుంటే నేను రోజూ టైమ్‌కి ఇంటికెళ్ళేదాన్ని.

నాది సూళ్ళూరుపేట దగ్గర. ఇంటర్‌లో బైపీసీ, ఎంసెట్‌లో సీటు రాలేదు (బైపీసీ తీసుకున్న ప్రతి ఇంట్లో ఈ కథ ఒకటుంటుంది కాబట్టి సాగదీయను), తర్వాత మైక్రోబయాలజీ డిగ్రీ, ఆ తర్వాత చెన్నైలో మెడికల్ బిల్లింగ్. ఏఆర్ కాలర్ అంటే తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను: అమెరికాలో ఒక ఆస్పత్రి ఇన్సూరెన్స్ కంపెనీకి బిల్లు పంపుతుంది, వాళ్ళు ఏదో వంక పెట్టి ఆపేస్తారు, మనం ఇక్కడ పెరుంగుడిలో కూర్చుని అర్ధరాత్రి వాళ్ళకి ఫోన్ చేసి ఎందుకు ఆపారు, ఎప్పుడిస్తారు, ఇంకేం కాగితం కావాలి అని అడుగుతాం. వాళ్ళ వంకలకి కోడ్ నంబర్లు ఉంటాయి: సీవో 16 అంటే వివరాలు సరిపోలేదని, సీవో 29 అంటే గడువు దాటిపోయిందని, సీవో 50 అంటే ఈ వైద్యం అవసరం లేదని వాళ్ళే తేల్చేశారని. ఈ నంబర్లు నాకు ఇప్పటికీ నిద్రలో లేపి అడిగినా వస్తాయి.

ఉద్యోగం ఎందుకు మార్చావని అడిగినవాళ్ళంతా ఒక మంచి కథ ఆశించారు, కోవిడ్‌లో ఎవర్నో పోగొట్టుకుని సేవ చేయాలనిపించింది లాంటిది. అదేం లేదండి. క్లెయిమ్ స్టేటస్ చూసే పని మెల్లిగా బాట్‌ల చేతికి పోవడం కళ్ళారా చూశాను, టీమ్ సైజు తగ్గుతోంది, నలభై దాటాక నన్ను ఎవరు పెట్టుకుంటారా అని లెక్కేసుకున్నాను. నా బైపీసీకి బీఎస్సీ నర్సింగ్‌లో సీటొస్తుంది, నర్సింగ్ కౌన్సిల్ రూల్ ప్రకారం చేరడానికి వయసు 35 దాటకూడదు, నాకప్పుడు 32. 2021లో చేరాను, సెమిస్టర్ పద్ధతి కొత్తగా పెట్టిన మొదటి బ్యాచ్. పద్దెనిమిదేళ్ళ పిల్లల మధ్య నాలుగేళ్ళు కూర్చుని బయటికొచ్చాను. జీతం మాత్రం వదిలేసిన ఉద్యోగంలో వచ్చేదాంట్లో సగం కూడా లేదు. ఇది నాకు ముందే తెలుసు, కాబట్టి ఆ ఏడుపు ఇక్కడ ఏడవను.

నేను చెప్పదల్చుకున్నది వేరే. కొత్త నర్సు నెమ్మదిగా ఉంటుంది. ఉండాలి. ఆ నెమ్మదికి ఖర్చు అవుతుంది, అది ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఇప్పుడది కడుతున్నది కొత్త నర్సు, ఆమెకి నేర్పే సీనియర్, కొంచెం పేషెంటూ. కట్టాల్సింది ఆస్పత్రి, ఎందుకంటే దాని పేరు చెప్పి డబ్బు ముందే వసూలు చేసింది. పదేళ్ళ పైన ఆస్పత్రి బిల్లులు చదివిన కళ్ళతో చెప్తున్నాను.

నెమ్మది అంటే ఏంటో ఒకటి దగ్గర్నుంచి చూపిస్తాను.

పొద్దున ఏడున్నర. టిఫిన్ ట్రాలీ రాకముందే షుగర్ పేషెంట్లకి గ్లూకోమీటర్‌తో చూసి, రీడింగ్‌ని బట్టి ఇన్సులిన్ ఇవ్వాలి. గూడూరు వైపు నించి వచ్చిన ఒక పెద్దాయన, కాలికి పుండు. ఆయన కొడుకు ఒక చిన్న థర్మోకోల్ డబ్బా తెరిచి ఇన్సులిన్ కార్ట్రిడ్జ్ తీశాడు. "ఇంటి కాడ నించి తెచ్చినాం సిస్టర్, దీన్నే వెయ్యండి, మళ్ళీ కింద ఫార్మసీలో కొనిపిచ్చబాకండి." ఈ కార్ట్రిడ్జ్ వేసి పొడిచే పెన్ ఏదయ్యా అంటే ఇంట్లో మర్చిపోయాడంట. "సిరంజితో లాగెయ్యండి, అందులో ఉండేదీ అదే మందే గదా." మందు అదే, నిజమే. కానీ మన దేశంలో వయల్‌లో, అంటే చిన్న సీసాలో వచ్చే ఇన్సులిన్ మామూలుగా మిల్లీలీటరుకి 40 యూనిట్లు, దానికి ఎర్ర మూత సిరంజి. పెన్‌లో వేసే కార్ట్రిడ్జ్‌లో మిల్లీలీటరుకి 100. మా ట్రేలో ఉన్నది ఎర్ర మూత సిరంజి. దాంతో కార్ట్రిడ్జ్‌లోంచి 10 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 10 యూనిట్లు కాదు, 25. పొద్దున్నే ఖాళీ కడుపుతో ఉన్న ముసలాయనకి అది పడితే ఏమవుతుందో చెప్పక్కర్లేదు, చెమటలు పట్టి మాట తడబడి స్పృహ తప్పేదాకా వెళ్ళొచ్చు.

నేను వేయనన్నాను. కొడుక్కి కోపం వచ్చింది, మీకు కమీషన్ ఉంటదా అన్నాడు. అతనికి సిరంజి మీద గీతలు చూపించి, కార్ట్రిడ్జ్ మీద రాసున్న 100 చూపించి, కాగితం మీద లెక్కేసి చూపించాను. అర్థమయ్యాక పాపం మొహం పాలిపోయింది. అప్పుడు డ్యూటీ డాక్టర్‌కి ఫోన్, ఫార్మసీకి ఇండెంట్, వయల్ వచ్చాక ఇంకో సిస్టర్‌ని పిలిచి పేరు, యూహెచ్‌ఐడీ (ఆస్పత్రి పేషెంట్‌కి ఇచ్చే నంబర్), మందు, డోసు ఇద్దరం విడివిడిగా చూసుకోవడం, ఇన్సులిన్‌కి ఇద్దరు చూడాల్సిందేనని రూలు కూడా ఉంది. మొత్తం ఇరవై నిమిషాలు పట్టింది. ఆయన ఇడ్లీ చల్లారిపోయింది. ఈలోగా నా మిగతా పేషెంట్లు ఆగుతారా? పక్క గదిలో సెలైన్ అయిపోయి బెల్ కొడుతున్నారు, ఎదురు గదిలో స్కానింగ్‌కి తీసుకెళ్ళడానికి వార్డ్ బాయ్ వీల్‌చైర్ పట్టుకుని నిలబడ్డాడు, ఫైల్ ఇవ్వాల్సింది నేనే. రౌండ్స్‌కొచ్చిన కన్సల్టెంట్ ఎవరీ సిస్టర్ అని అడిగాడు.

ఇక్కడ నేనేం గొప్ప పని చేయలేదు, అది బేసిక్. కానీ ఆ బేసిక్‌కి ఇరవై నిమిషాలు పడుతుంది అన్నది మా డ్యూటీ లిస్ట్‌లో ఎక్కడా లేదు. మా ఇరవై నాలుగేళ్ళ అమ్మాయి అయితే పది నిమిషాల్లో తేల్చేస్తుంది, ఎందుకంటే డాక్టర్ ఫోన్ ఎత్తకపోతే ఎవర్ని పట్టుకోవాలో ఆమెకి తెలుసు, ఫార్మసీలో ఎవరికి చెప్తే మందు పైకి వస్తుందో తెలుసు, కోపంగా ఉన్న కొడుకుతో ఎంతసేపు మాట్లాడాలో తెలుసు. ఆమె స్పీడు హడావిడి కాదు. ఏ పనీ వదలకుండానే త్వరగా చేస్తుంది. నాలాంటి కొత్తవాళ్ళని ఆ స్పీడులో చేయమంటే చేయగలం, ఒకటే దారి, మధ్యలో కొన్ని మెట్లు ఎగరేయడం. పేషెంట్ చేతి బ్యాండ్ చూడకుండా పేరు పిలిచి ఊ అంటే ఇచ్చేయడం, రెండో సిస్టర్ సంతకం తర్వాత పెట్టించుకోవడం. వార్డులో "ఫాస్ట్" అని పేరు తెచ్చుకున్న కొత్తవాళ్ళలో ఎంతమంది ఆ మెట్లు ఎగరేస్తున్నారో అని నాకెప్పుడూ అనుమానమే.

ఆ అమ్మాయి నన్ను విసుక్కోదు. "అక్కా, కొంచం సీక్కిరం" అంటుంది, తమిళంలో త్వరగా అని, అంతే. నాకు ఐవీ క్యానులా వేయడం చేతికొచ్చింది ఆమె వల్లే, నరం కోసం చెయ్యి మీద టపటపా కొట్టొద్దు అక్కా, కళ్ళతో వెతకొద్దు, వేలితో నొక్కి వదిలి చూడు, స్ప్రింగులా పైకొచ్చేదే పట్టుకో, ముసలివాళ్ళకి ఆకుపచ్చది తీయకు, నీలం చాలు అని చెప్తుంది. ఆకుపచ్చ అంటే 18 గేజ్, లావు సూది, నీలం 22, సన్నది. కాలేజీలో బొమ్మ చెయ్యి మీద వంద సార్లు గుచ్చినా రాని విషయం అది. అయితే ఆమెకి కూడా నాతోపాటు పూర్తి లెక్క పేషెంట్లు ఉన్నారు. నాకు నేర్పించే అరగంట ఆమె ఎక్కడి నించి తెస్తుంది? తన టీ బ్రేక్‌లోంచి. అంటే అత్తసొమ్ము అల్లుడు దానం చేసినట్టు, ఆస్పత్రి "మా దగ్గర కొత్తవాళ్ళకి ట్రైనింగ్ ఉంది" అని గోడ మీద చార్ట్ అంటించుకుంటుంది, ఇచ్చేది మాత్రం ఆ పిల్ల టీ టైమ్.

ఇంకొకటి, అసలు నన్ను ఈ వ్యాసం రాయించింది ఇదే. నా షిఫ్ట్ పొద్దున 7 నించి 2 దాకా. రెండింటికి హ్యాండోవర్ మొదలవుతుంది, మంచం మంచం దగ్గరికీ వెళ్ళి పేషెంట్ ఎవరు, ఎందుకొచ్చారు, ఇప్పుడెలా ఉన్నారు, ఏం మిగిలింది అని వరసగా చెప్పాలి. అది అయ్యేసరికి రెండున్నర, మూడు. నా నర్సెస్ నోట్స్ ఇంకా సగం కూడా అవ్వవు. అప్పుడు మొదటి వారంలోనే ఒక పద్ధతి చెప్పారు: "ముందు కిందికెళ్ళి పంచ్ అవుట్ చేసి రండి, తర్వాత కూర్చుని రాసుకోండి." ఎందుకంటే పంచ్ టైమ్ దాటితే ఓవర్‌టైమ్ రిపోర్ట్‌లో కనిపిస్తుంది, ఇన్‌చార్జ్‌ని పై నించి అడుగుతారు. అలా మిషన్ లెక్కలో నేను ఇంటికెళ్ళిపోయాక, వార్డులో కూర్చుని గంట, గంటన్నర రాస్తాను. ఆ టైమ్‌లో పేషెంట్ ఎవరైనా సిస్టర్ అని పిలిస్తే వెళ్ళకుండా ఉండగలమా. వెళ్తాం. అప్పుడు ఏదైనా జరిగితే నేను డ్యూటీలో ఉన్నట్టా లేనట్టా?

రాయకుండా పోవచ్చు కదా అంటారేమో. అది నావల్ల కాదు. పాత ఉద్యోగం నాకు ఇచ్చిన ఒకే ఒక్క ఆస్తి అది. రాయకపోతే చేయనట్టే అన్న మాట నర్సింగ్ కాలేజీలో చెప్పకముందే నాకు తెలుసు, ఒక సంతకం లేదని, ఒక టైమ్ రాయలేదని వేల డాలర్ల బిల్లులు సీవో 16 కింద వెనక్కి రావడం చూసినదాన్ని. నైట్ డ్యూటీలు కూడా నాకు అలవాటే, అవతలివాడు అరుస్తుంటే గొంతు పెంచకుండా మాట్లాడటమూ అలవాటే. మిగతాదంతా సున్నా నించే. చేతులు కొత్తవి, కాళ్ళు కొత్తవి, ముక్కు కూడా కొత్తదే.

ముక్కు అంటే గుర్తొచ్చింది. చెన్నైలో ఏ పెద్ద ఆస్పత్రికి వెళ్ళినా నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు పేషెంట్లు ఎప్పుడూ ఉంటారు. మా ఫ్లోర్‌లో తమిళం, మలయాళం వచ్చిన సిస్టర్లే ఎక్కువ కాబట్టి నాకు "తెలుగు సిస్టర్" అని పేరు పడింది, పైనా కిందా ఫ్లోర్ల నించి కూడా ఫోన్లు వస్తాయి, ఒక్క నిమిషం వచ్చి కన్సెంట్ ఫామ్ ఏంటో వాళ్ళకి చెప్పి వెళ్ళండి అని. అది ఒక్క నిమిషంలో ఎప్పుడూ తేలదు. ఒకసారి అలా వెళ్ళినప్పుడు నాయుడుపేట పెద్దావిడ ఒకామె, మోకాళ్ళ నొప్పులకని చేరింది, సంతకం సంగతి మాట్లాడుతుంటే నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుని చెవిలో చెప్పింది, నాలుగు రోజుల్నించి విరేచనం నల్లగా తారులాగా పోతోందమ్మా, ఆ మగ డాక్టర్‌కి ఏం చెప్తాం అని. ఊళ్ళో మెడికల్ షాపులో నొప్పి మాత్రలు తెచ్చుకుని రోజూ వేసుకుంటోందంట. ఆ మాత్రల వల్ల కడుపు లోపల రక్తం కారితే విరేచనం అలా నల్లగా పోవచ్చు. నేను ఆ ఫ్లోర్ సిస్టర్‌కి చెప్పాను, ఆమె డాక్టర్‌కి చెప్పింది, నొప్పి మాత్రలు ఆపి హీమోగ్లోబిన్‌కి రక్తం తీశారు. ఆ ఫ్లోర్‌లో ఒక సీనియర్ సిస్టర్ తర్వాత నాతో అంది, సాయంత్రం బెడ్‌పాన్ పెట్టినప్పుడు వాసనకే నాకు తెలిసిపోయేది అని. గొప్పకి అన్న మాట కాదు అది, ఆ వాసన ఒకసారి తెలిస్తే మర్చిపోలేరంట. నాకింకా ఆ ముక్కు రాలేదు, కాబట్టి నేను కూర్చుని వినాలి, అడగాలి. దానికి టైమ్ కావాలి. నేను కింద ఫ్లోర్‌లో ఉన్న ఆ అరగంటా పైన నా పేషెంట్లు నా లిస్ట్‌లోనే ఉన్నారు, ఎవరూ తీసుకోలేదు.

సరే, ఇప్పుడు బిల్లు.

నేను పని చేసిన అమెరికా బిల్లుల్లో నర్సింగ్ అని విడిగా లైన్ కనిపించదు. రూమ్ అండ్ బోర్డ్ అని 0120 లాంటి రెవెన్యూ కోడ్ కింద రోజు అద్దెలో కలిసిపోతుంది. నర్సు అక్కడ మంచం, దుప్పటి, భోజనంతోపాటు గదిలో ఒక భాగం. మనదగ్గర అలా కాదు, మన ప్రైవేట్ ఆస్పత్రి బిల్లు తీసి చూడండి, చాలా చోట్ల రూమ్ రెంట్ ఒక లైన్, దాని కింద నర్సింగ్ చార్జెస్ అని రోజుకి ఇంత అని ఇంకో లైన్. ఇన్సూరెన్స్ పాలసీల్లో కూడా రూమ్ రెంట్, బోర్డింగ్, నర్సింగ్ అని పేరు పెట్టే రాస్తారు, 2020లో అన్ని కంపెనీలూ ఒకేలా అమ్మాలని తెచ్చిన ఆరోగ్య సంజీవనిలో ఈ మూడూ కలిపి రోజుకి బీమా మొత్తంలో 2 శాతం, 5,000కి మించకుండా అని పెట్టారు. అంటే మన పేషెంట్ నర్సు కోసం అని రాసున్న డబ్బు విడిగా కడుతున్నాడు. మొదటిసారి మా ఆస్పత్రి డిశ్చార్జ్ బిల్లు నా చేతికొచ్చినప్పుడు అలవాటు కొద్దీ లైన్ లైన్ చదివాను, నా ఎనిమిది మంచాలకి ఆ లైన్ కూడి చూసుకుంటే ఆ రోజు నేనూ మిగతా రెండు షిఫ్టుల సిస్టర్లూ కలిపి తీసుకునే జీతం దానిముందు ఎక్కడో ఉంది. ఆస్పత్రికి వేరే ఖర్చులు ఉండవా అంటే ఉంటాయి, మేట్రన్, హౌస్‌కీపింగ్, యూనిఫామ్, కరెంటు, అన్నీ ఉంటాయి, నేను అకౌంటెంట్‌ని కాను. కానీ "కొత్తవాళ్ళకి నేర్పడానికి బడ్జెట్ లేదు" అనే మాట మాత్రం ఆ లైన్ చూసినవాళ్ళకి చెప్పకండి.

ఎనిమిది మంచాలు అన్నాను కదా. నర్సింగ్ కౌన్సిల్ లెక్క ప్రకారం మామూలు ఆస్పత్రి జనరల్ వార్డులో 5 మందికి ఒక నర్సు, బోధనాస్పత్రిలో అయితే 3 మందికి ఒకరు. మాకు పగలు ఏడెనిమిది, రాత్రయితే పది దాటడం మామూలే. కాలిఫోర్నియాలో దీనికి చట్టమే ఉంది, 2004లో అమల్లోకి వచ్చింది, మెడికల్ సర్జికల్ వార్డులో ఒక నర్సుకి 5 మందిని మించి ఇవ్వకూడదు. నేను ఆ రాష్ట్రం ఆస్పత్రుల బిల్లుల గురించి ఫోన్లో పోట్లాడిన రాత్రుల్లో ఈ సంగతి నాకు తెలీదు, తెలిసినా పట్టించుకునేదాన్ని కాదేమో. జీతం సంగతి కూడా అంతే, 2016 జనవరిలో సుప్రీంకోర్టు చెప్తే కేంద్రం ఒక కమిటీ వేసింది, 50 పడకల లోపు ప్రైవేట్ ఆస్పత్రి అయినా నెలకి 20,000కి తగ్గకూడదు, 200 పడకలు దాటితే ప్రభుత్వ నర్సుతో సమానంగా ఇవ్వాలి అని ఆ కమిటీ రాసింది, రాష్ట్రాలకి పంపారు. కేరళలో నర్సులు రోడ్డెక్కి సమ్మెలు చేస్తే 2018లో కనీస వేతనం 20,000 అని అక్కడ ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చింది. మిగతాచోట్ల ఆ కాగితం ఏమైందో నా తోటి బ్యాచ్ పిల్లల పే స్లిప్పులు చూస్తే తెలుస్తుంది.

ఇక్కడ నాకు ఎదురు చెప్పేవాళ్ళు ఉంటారని తెలుసు. మొదటి వాదన: కొత్త నర్సులు ఒక సంవత్సరం అనుభవం సంపాదించుకుని గల్ఫ్‌కో, ఇంగ్లండ్‌కో, జర్మనీకో వెళ్ళిపోతారు, వాళ్ళ మీద ఆస్పత్రి ఎందుకు ఖర్చు పెట్టాలి? ఇందులో నిజం లేకపోలేదు, మా బ్యాచ్‌లో సగం మంది ఇప్పటికే జర్మన్ క్లాసులకి వెళ్తున్నారు. కానీ వెళ్ళిపోయేది ఎందుకో కూడా చూడాలి కదా, ఇంగ్లండ్‌లో కొత్తగా రిజిస్టర్ అయిన నర్సుకి ప్రిసెప్టర్ అని ఒక సీనియర్‌ని జత చేసి, మొదట్లో కొన్నాళ్ళు లెక్కలో కలపకుండా నేర్పిస్తారు. లెక్కలో కలపకపోవడం అంటే వార్డు నడవడానికి కావాల్సిన నర్సుల సంఖ్యలో ఆమెని చేర్చరు, అదనం. ఇక్కడ నన్ను మూడో రోజే లెక్కలో కలిపేశారు. వెళ్ళిపోతారని నేర్పించరు, నేర్పించరని వెళ్ళిపోతారు, ఈ గొడవలో ముందు తగ్గాల్సింది డబ్బున్నవాళ్ళే అని నా ఉద్దేశం. పైగా చాలాచోట్ల వెళ్ళకుండా ఆపడానికి కనిపెట్టిన ఉపాయం నేర్పించడం కాదు, ఒరిజినల్ సర్టిఫికెట్లు తీసి బీరువాలో పెట్టుకోవడం.

రెండో వాదన సీనియర్ల నించే వస్తుంది: మేమూ ఇలాగే నేర్చుకున్నాం, ఏడ్చుకుంటూనే నేర్చుకున్నాం. వాళ్ళ మీద నాకు గౌరవం తప్ప ఏమీ లేదు, కానీ వాళ్ళు నేర్చుకున్నప్పుడు ఆ ఏడుపు ఖర్చు ఎవరు కట్టారో వాళ్ళు చెప్పరు. పేషెంట్లు కట్టలేదని గట్టిగా చెప్పగలరా? మా ఇన్‌చార్జ్ సిస్టర్‌ని కూడా నేను విలన్ చేయను, రేపటి డ్యూటీ రోస్టర్‌లో ఇద్దరు సెలవు, ఒకరికి జ్వరం, పడకలు నిండుగా ఉన్నాయి, ఆవిడ చేతిలో నేను తప్ప ఎవరూ లేరు, లెక్కలో కలపక ఏం చేస్తుంది. పంచ్ చేసి రమ్మని చెప్పిన ఆవిడే మూడు దాటాక తన డబ్బాలోంచి సాంబార్ సాదం తీసి నా ముందు పెడుతుంది, తిని రాయి అని. ఆవిడకి కూడా పై నించి ఒక నంబర్ వస్తుంది, ఆ నంబర్ వేసినాయన మా వార్డుకి ఎప్పుడూ రాడు.

మూడోది నాలాంటివాళ్ళకి మాత్రమే తగిలే వాదన, అందుకే కొంచెం ఎక్కువ చెప్తాను. ఇంటర్వ్యూలో హెచ్‌ఆర్ నా రెజ్యూమె చూసి తెగ ముచ్చటపడ్డాడు. మీరు మెచ్యూర్డ్ కదా మేడమ్, ఇరవై రెండేళ్ళ పిల్లలకి చెప్పినట్టు మీకు చెప్పక్కర్లేదు, త్వరగా పికప్ చేస్తారు అన్నాడు. అప్పుడు పొగడ్త అనుకుని నవ్వాను, తర్వాత అర్థమైంది, అది నా ఓరియెంటేషన్‌లో కోత. నాతోపాటు చేరిన ఇద్దరమ్మాయిలకి రెండు వారాలు సీనియర్‌తో తిప్పారు, నన్ను మూడో రోజే వదిలేశారు. వయసొచ్చినవాళ్ళకి జీవితం గురించి తెలుసేమో, మన ఇంట్లో ముసలివాళ్ళని చూసుకున్నాం, చావులు చూశాం, పిల్లల్ని పెంచాం, ఏడుస్తున్న మనిషి పక్కన మాట్లాడకుండా కూర్చోవడం వచ్చు, అవన్నీ వార్డులో పనికొస్తాయి, కాదనను. కానీ 500 మిల్లీలీటర్ల సెలైన్ 4 గంటల్లో పోవాలంటే మిల్లీలీటరుకి 20 చుక్కలు పడే సెట్‌తో నిమిషానికి 42 చుక్కలు అని నా నెరిసిన జుట్టుకి దానంతటదే తెలియదు. పొటాషియం క్లోరైడ్ ఆంప్యూల్‌ని ఎప్పుడూ నేరుగా నరంలోకి తోయకూడదని నా పెళ్ళై పన్నెండేళ్ళు అయినందువల్ల తెలియలేదు. వయసు చూసి శిక్షణ తగ్గించడం అంటే, బండి నడపడం రానివాణ్ణి నీకు ఊళ్ళో దారులన్నీ తెలుసు కదా అని స్టీరింగ్ ముందు కూర్చోబెట్టడమే.

దీనికి ఇంకో వైపు కూడా ఉంది, అది నాకు నచ్చదు కానీ చెప్తాను. పెద్ద వయసులో వచ్చినవాళ్ళం నోరెత్తం. మళ్ళీ ఉద్యోగం మారే ఓపిక లేదు, ఇంట్లో ఈఎంఐ ఉంది, నాలుగేళ్ళ ఫీజు కట్టిన భర్త ముందు ఇది కూడా తేడాగా ఉంది అని చెప్పలేం, మా పెద్దమ్మ అయితే ఇంకా అడుగుతూనే ఉంది ఆ ఏసీ ఆఫీసు వదిలి ఈ చాకిరీ ఏంటే అని, ఆవిడకి దొరికిపోకూడదు. పైగా జర్మనీ పోయే వయసూ కాదు, ఉద్దేశమూ లేదు. ఇంతకంటే మంచి ఉద్యోగి ఏ మేనేజ్‌మెంట్‌కి దొరుకుతుంది? అందరూ "మీరు చాలా గ్రేట్ అండి" అంటారు, మే 12, నర్సుల దినోత్సవం వస్తే కేక్ కోసి, చేతిలో దీపం పెట్టి ఫోటో తీస్తారు. ఆ గ్రేట్ అన్న మాటతో నాకు పేచీ ఉంది. గ్రేట్ మనిషి ఓవర్‌టైమ్ అడగదు కదా.

నేను అడుగుతున్నది ఏమంత పెద్దది కాదు. మొదటి మూడు నెలలు కొత్త నర్సుకి మిగతావాళ్ళకి ఇచ్చేదాంట్లో సగం మంది పేషెంట్లనే ఇవ్వండి, తర్వాత ఒక్కొక్కరే పెంచండి. ఆమెకి నేర్పే సీనియర్‌కి కూడా ఇద్దరిని తగ్గించండి, లేకపోతే ఆ ట్రైనింగ్ అనేది గోడ మీద చార్టే. నోట్స్ రాసే టైమ్ షిఫ్ట్ లోపల ఉండాలి, ఉండకపోతే మిషన్‌లో నిజం టైమే పడనివ్వండి, డబ్బులు తర్వాత సంగతి, ముందు లెక్కలో నేను ఆ టైమ్‌కి ఆస్పత్రిలోనే ఉన్నానని తెలియాలి. తెలుగు, హిందీ, బెంగాలీ మాట్లాడి సాయం చేయడానికి వేరే ఫ్లోర్‌కి పిలిస్తే అది కూడా పనే అని రాసుకోండి. వీటిలో ఏదీ కొత్త మిషన్ కొనమని కాదు.

పోయిన నెల నా పాత టీమ్‌లో పనిచేసిన ఒకమ్మాయి ఫోన్ చేసింది, అక్కా నేను కూడా వచ్చేయనా, ఇక్కడ మళ్ళీ బెంచ్ మీద పెట్టారు అని. ముప్పై మూడు. ఇంటర్ బైపీసీయే. వద్దని చెప్పలేదు, ఎందుకంటే నాకు ఈ పని నచ్చింది, అది వేరే రాస్తాను ఎప్పుడైనా. సీటుకి 35 లోపు చేరాలి కాబట్టి ఆలోచించుకోవడానికి ఎక్కువ టైమ్ లేదని చెప్పాను, నాలుగేళ్ళ ఖర్చు చేతిలో పెట్టుకుని దిగమన్నాను, చదివే కాలేజీకి సొంత ఆస్పత్రి ఉందా, అందులో నిజంగా పేషెంట్లు ఉన్నారా లేదా మధ్యాహ్నం పూట వెళ్ళి చూసి రమ్మన్నాను. నాలుగేళ్ళ తర్వాత ఇంటర్వ్యూకి వెళ్ళినప్పుడు జీతం అడిగే ముందు మొదటి నెల నాకు ఎంతమంది పేషెంట్లు, నాతో ఎవరుంటారు, ఆవిడకి ఎంతమంది ఉంటారు అని అడగమన్నాను. "అలా అడిగితే ఉద్యోగం ఇస్తారా అక్కా" అంది. ఒకచోట ఇవ్వకపోవచ్చు, నర్సులు చాలక ఏడుస్తున్న ఊళ్ళో ఇంకోచోట ఇస్తారు, అడుగు అన్నాను.